మిక్సింగ్ ఆపా కోయని మూడో డిస్కు

మొన్న పొద్దున కాలువ గట్టు మీద నడుస్తుంటే కంట్లో సూదితో పొడిచినట్టు వెలుగు తగిలింది. తల తిప్పి చూస్తే, పక్క చేనువాళ్లు పాలు పోసుకుంటున్న వరి మీద దారాలు లాగి, వాటికి పాత డీవీడీలు వేలాడదీశారు. గాలికి అవి గిర్రున తిరుగుతూ ఎండను నాలుగు దిక్కులకూ విసురుతున్నాయి. పిట్టలు బెదరాలని ఏర్పాటు. దిగి వెళ్లి ఒకదాన్ని పట్టుకుని ఆపాను. చెయ్యి కాలేంత వేడిగా ఉంది. నల్ల మార్కరుతో రాసిన పెళ్లికూతురు పేరు సగం వెలిసింది, పెళ్లికొడుకు పేరు మొత్తమే పోయింది. చేను ఆసామిని అడిగితే, అంతా ఫోన్లోకి ఎక్కించుకున్నాం, ఇక దీనితో పనేముంది అన్నాడు. అంతా ఎక్కిందని కూర్చుని చూసుకున్నావా అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. హాలియాలో మిక్సింగ్ ఆపా బతికి ఉంటే ఆమె కూడా ఇదే అడిగేది, జవాబు చెప్పేదాకా వదిలేది కాదు.

ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను బడికి పోలేదు. అక్షరాలు నేర్చుకున్నది అనుమానంతో. మా నాయిన వేలిముద్ర వేసిన కాగితాన్ని ఒకరకంగా చదివి వినిపించి, లోపల మరోరకంగా రాసుకున్నారు. కాలువ కింది చెలక భూమి ఒకటి అట్లా చేతులు మారింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఆ రోజు నుంచి బస్సు బోర్డులు, సినిమా వాల్‌పోస్టర్లు, ఎరువు బస్తాల మీది రాతలు కూడబలుక్కుంటూ చదవడం పట్టుకున్నాను. రెండేళ్లలో భూమి ఎవరి పేరున ఉందో రాసే పహాణీ నకలు చదివేవాణ్ణయ్యాను. తర్వాత ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చేవాళ్లు. నన్ను ఎవరూ మోసం చేయలేరని నాకు ఒక గట్టి నమ్మకం ఏర్పడింది. నోటిమాట అబద్ధమాడుతుంది, రాసిపెట్టింది అబద్ధమాడదు, వీడియో తీసిపెట్టింది అసలే అబద్ధమాడదు అనుకున్నాను. దానితోపాటు నా జ్ఞాపకం మీద కూడా గర్వం ఉండేది. ముప్పై ఏళ్ల కింద ఎవరు ఏ గట్టు మీద నిలబడి ఏం మాటన్నారో అప్పజెప్పగలను. ఈ రెండు నమ్మకాలనూ ఒక్క మధ్యాహ్నంలో కదిలించింది ఆ మనిషి.

నాకూ మా అన్న ముత్తయ్యకూ ఏడేళ్లు మాటల్లేవు. మొదలు కాలువ నీళ్ల వంతు దగ్గర వచ్చిన గొడవ. అది తేలకముందే మా బిడ్డ సుజాత పెండ్లి వచ్చింది. మా దిక్కు ఎదుర్కోళ్లకు, అంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు డప్పులతో వచ్చేటప్పుడు ఎదురెళ్లి తీసుకొచ్చేటందుకు, ఇంటికి పెద్దవాడు ముందు నడవాలి. మా ఇంటికి పెద్దవాడు అన్న. అతను రాలేదు. వియ్యంకుని ముందు నేనొక్కణ్ణే నిలబడ్డాను. అది నేను మరిచిపోలేదు. అన్న మాత్రం తాను వచ్చాననీ, గేటు దగ్గర నిలబడితే ఒక్కరూ లోపలికి పిలవలేదనీ, వెనక్కి తిరిగి పోయాననీ ఊరంతా చెప్పాడు. పచ్చి అబద్ధమని నేను కూడా ఊరంతా చెప్పాను. నడుమ మా అమ్మ పోయింది. పాడెకు చెరొక పక్క భుజం పట్టాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

తెలంగాణ వచ్చిన మూడేళ్లకు అన్న మనుమరాలి పెండ్లి కుదిరింది. ఎదుర్కోళ్లకు తమ్ముడు రావాలని అన్న పెద్దమనుషులతో కబురు పంపాడు. అయితే ముందు వాళ్ల సమక్షంలో, ఆనాడు అన్నను పిలవకపోవడం నా తప్పేనని ఒప్పుకోవాలట. ఆదివారం పంచాయితీ పెట్టారు. నాకు లోలోపల సంతోషమే అయింది. నా బీరువాలో సాక్ష్యం ఉంది కదా. సుజాత పెండ్లి డీవీడీలు, మూడు డిస్కులు. ఇంట్లో ప్లేయరు ఎప్పుడో మూలపడింది, మా పెద్ద కొడుకు వాడి పాత ఫోను నాకిచ్చాడు. డిస్కులను అందులోకి ఎక్కించుకుని, నలుగురి ముందు చూపించి, ఇందులో మా అన్న ఎక్కడున్నాడో చూపండి అని అడగాలనుకున్నాను. తప్పు తేలేది అతనిదే. శుక్రవారం హాలియా పోయాను.

బస్టాండు వెనక సందులో ఆమె దుకాణం. అసలు పేరు మెహరున్నీసా. తండ్రి ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలను కోసి, అతికి, పాటలు వేసే మిక్సింగ్ పని నేర్చుకుంది కాబట్టి అందరికీ మిక్సింగ్ ఆపా, అంటే మిక్సింగ్ అక్క, అయింది. నేను పోయేనాటికి ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. కొత్త మిక్సింగ్ పనులు ల్యాప్‌టాపుల వాళ్లకు పోయాయి. పాత డిస్కులను ఫోన్లకు, పిల్లల ట్యాబులకు ఎక్కించి ఇస్తూ దుకాణం నడుపుతోంది. లోపలికి అడుగు పెట్టగానే నాకు నచ్చనిది కనబడింది. కంప్యూటరు తెర గోడ వైపు తిరిగి ఉంది. వచ్చినవాళ్లకు దాని వీపు తప్ప ఏమీ కనబడదు. ఆమె గోడకూ తెరకూ నడుమ ఇరుకులో కూర్చుని ఉంది. మనకు కనబడకుండా చేసే పని ఏదైనా మంచి పనై ఉంటుందా?

డిస్కులు పెట్టి పొమ్మంది, సాయంత్రానికి అయితదంది. పెట్టనన్నాను. ముందు తన కంప్యూటర్లోకి తీసుకుని, దాన్ని ఫోనుకు పట్టేట్టు మార్చి, అప్పుడు ఫోన్లో వేయాలని చెప్పింది. నడుమ నీ కంప్యూటర్ ఎందుకు, నేరుగా ఫోన్లోకే పోయొచ్చు కదా అని నిలదీశాను. ఆమె నా ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికే తిరిగి ఇచ్చింది.

"డిస్కు పట్టే బొక్క యాడున్నదో సూపియ్యి కాకా, గండ్లనే దూరుస్త."

నేను నవ్వలేదు. నా సామాను నీ డబ్బాలో మిగిలిపోతే రేపు ఎవరికి చూపిస్తావో నాకేం తెలుసన్నాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. లేచి, లోపలి నుంచి ఒక స్టూలు తెచ్చి, ఆ ఇరుకులో తన పక్కనే వేసింది. "అనుమానమున్నోనికి గీడనే జాగా. కూసోని సూడు. కన్ను ఆర్పకు." అంది. అప్పటిదాకా నన్ను అనుమానం మనిషి అన్నవాళ్లంతా తిట్టుగా అన్నవాళ్లే. ఒక మనిషి నా అనుమానానికి కుర్చీ వేయడం అదే మొదటిసారి.

కూర్చున్న కాసేపటికే బురఖాలో ఒక ముసలామె, కోడలితో కలిసి, రుమాలులో చుట్టిన డిస్కుతో వచ్చింది. ఆపా నన్ను లేచి బయట నిలబడమంది. ఎందుకని అడిగితే, అది వాళ్ల ఆడవాళ్ల దిక్కు వీడియో, పరాయి మగవాళ్లు చూసేది కాదు, అందుకోసమే వాళ్లు హుజూర్‌నగర్ నుంచి ఇంత దూరం వచ్చారంది. తెర ఎందుకు గోడ వైపు తిరిగి ఉందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసినా వెంటనే ఒప్పుకోలేదు. వీధిలో నిలబడి, నేను లేని సమయంలో నా డిస్కులను ఏమైనా చేస్తుందేమోనని అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. అవి బల్ల మీద పెట్టినచోటే ఉన్నాయి.

నా వంతు వచ్చింది. మెత్తటి గుడ్డతో డిస్కును నడుమ నుంచి అంచుకు తుడిచి లోపలికి పంపింది. యంత్రం జొన్నలు విసిరినట్టు గరగరమంది. మార్చడానికి గంట పడుతుందని చెప్పి, అంతలో చూసుకొమ్మని తెర మీదే ఒక పక్కన బొమ్మ నడిపింది. సుజాత మొహం చుట్టూ గులాబీలు పూశాయి. నా భార్య తల మీద హంస ఒకటి ఈదుకుంటూ పోయింది. నేను వియ్యంకునికి అలాయ్ బలాయ్ ఇస్తుంటే గుండె బొమ్మలు వాన కురిసినట్టు కురిశాయి. మనుషుల మాటలు లేవు, అంతటా పాటలే. ఎదుర్కోళ్లు రాగానే నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను. గేటు, డప్పులు, గులాలు, నేను, మా బావమరుదులు. రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశాను. అన్న లేడు. ఎక్కడా లేడు. చేతులు నలుపుకున్నాననుకుంటాను, ఏంది గంత సంబురమని ఆమె అడిగింది. పంచాయితీ సంగతంతా చెప్పాను. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే బాగా వినిపించింది. ఆమె బొమ్మను ఆపింది.

"లేడని గిదాన్ని జూసి ఎట్ల చెప్తవు కాకా? గిది కోసింది నేనే."

అట్టను తిప్పి మూలన ఉన్న స్టూడియో పేరు చూపించింది. అది తన తండ్రి స్టూడియో. అయిదారు గంటలు తీసినదాన్ని రెండు డిస్కులకు కుదించేటప్పుడు ఎవరిని ఉంచుతారో, ఎవరిని తీసేస్తారో ఏ బెరుకూ లేకుండా చెప్పింది. మండపం ఎక్కినవాళ్లు ఉంటారు. మంచి చీర కట్టినవాళ్లు ఉంటారు. ఊరికే నిలబడ్డవాళ్లు, మొహం మాడ్చుకున్నవాళ్లు, తింటున్నవాళ్లు పోతారు. అంచున మిగిలినవాళ్లను గులాబీల చట్రం కప్పేస్తుంది. పహాణీలో పేరు కొట్టేసినవాడు కూడా ఇంత నింపాదిగా చెప్పి ఉండడు. దీన్ని నమ్మి నేను పంచాయితీకి పోతున్నానా అని అరిచాను. నమ్మమని నీకెవరు చెప్పారు, పెండ్లివాళ్లు మురవాలని చేసిందే అది, అని ఆమె అంది.

మూడో డిస్కు అడిగింది. అది చెడిపోయింది, పారేయడానికి మనసొప్పక ఉంచామన్నాను. ఇంట్లో వేసి చూసినప్పుడు మొదట చాలాసేపు నేల, చెప్పులు, ఒక కుక్క తప్ప ఏమీ కనబడలేదు. వీడియో తీసేవాడు కెమెరా ఆపకుండా చేతిలో వేలాడేసుకుని తిరిగాడన్నమాట. ఆపా అట్ట మీద చూసి, ఇది చెడిపోలేదు, ఇది కోయనిది అంది. క్యాసెట్ల మీద మళ్లీ వేరే పెండ్లి తీసేముందు, ఎదుర్కోళ్లు, అప్పగింతలు మాత్రం ఉన్నదున్నట్టు డిస్కులో వేసి ఇచ్చేవాళ్లట. చెప్పుల భాగాన్ని ముందుకు జరిపింది. గులాబీలు లేవు, హంసలు లేవు. దుమ్ము, డప్పులు, అరుపులు. గేటు కనబడింది. గేటుకు ఎడమ పక్క, తెల్ల కండువా, చేతిలో బట్టల సంచి, మా అన్న.

బొమ్మలో నేను తలపాగా సర్దుకుంటూ గేటు వైపు వచ్చాను. అన్నకు నాలుగడుగుల దూరంలో ఆగాను. తల ఎత్తి అతని మొహంలోకి సూటిగా చూశాను. అతను సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. నేను మొహం తిప్పుకుని, ఎవరినో కేకేస్తూ అవతలికి పోయాను. నా జ్ఞాపకంలో ఈ చూపు లేదు. వెతికాను, ఇప్పటికీ వెతుకుతున్నాను, లేదు.

మనిషి సిగ్గుపడినప్పుడు మొదట చేసే పని ఎదుటివాణ్ణి దొంగను చేయడం. ఇది కంప్యూటర్లో చేసిన మాయ అన్నాను. మా అన్న కొడుకు ఇదే వీధిలో తిరుగుతాడు, వాడు నిన్ను కొనేశాడా అన్నాను. "గంత విద్యే వస్తే ముందుగాల మా ఇంటాయన మొకం మార్చుకుందును." అని ఆమె అంది, కాని మొహంలో నవ్వు లేదు. నేను గొంతు తగ్గించి, మొదటి రెండు డిస్కులు మాత్రం ఎక్కించు, మూడోది వద్దన్నాను. పోనీ మూడోదే ఎక్కించు, గేటు దగ్గరి ముక్క తీసేసి ఎక్కించు అని కూడా అన్నాను. ఆ మాట నేనే అన్నాను. కాగితంలో ఒకటి రాసి ఒకటి చదివినవాడి మీద ఏభై ఏళ్లు పగబట్టిన నేనే అన్నాను.

ఆమె డిస్కు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, అట్టలో పెట్టింది. "కోసుడు నా పనే కాకా. మంది మురవాలని మస్తు కోసిన. అన్నను కొయ్యమంటే కొయ్య. ఎక్కిస్తే మూడు ఎక్కిస్త, లేదంటే నీ సామాను నువ్వు పట్కపో." అంది.

పట్టుకుపోయాను. నల్లగొండలో వంద దుకాణాలు, అక్కడ అడిగినట్టు కోసి ఇస్తారనుకుని బస్టాండులో కూర్చున్నాను. ఒక బస్సు వచ్చింది. నల్లగొండ దుకాణంవాడు డిస్కులు వదిలి పొమ్మంటాడు, తెర చూపించడు, పక్కన స్టూలు వేయడు. వదిలిపెట్టి పోగలనా? పోలేను. ఆలోచించుకుంటూ పోతే, ఈ డిస్కులను ధైర్యంగా చేతిలో పెట్టగలిగింది నన్ను ఇప్పుడే పొమ్మన్న మనిషి దగ్గరే అని తేలింది. బస్సు పోయింది. లేచి మళ్లీ ఆ సందులోకి నడిచాను. ఆమె ఏమీ అడగలేదు. స్టూలు ఇంకా అక్కడే ఉంది. మూడూ ఎక్కించింది. ఫైలును ఎట్లా తెరవాలో, ఎట్లా ఆపాలో, సౌండు ఎట్లా పెంచాలో నాతోనే పదిసార్లు చేయించింది. పంచాయితీలో ఇంకొకరి చేతికి ఇయ్యొద్దు, నువ్వే నొక్కు అంది.

ఆదివారం అన్న ఇంటి ముందు రేకుల కింద కూర్చున్నాం. పెద్దమనుషులు నలుగురు. మూడోది నొక్కాను. నాలుగు తలలు ఫోను మీదికి వంగాయి. గేటు వచ్చినప్పుడు వేలితో ఆపి, పైకే చెప్పాను: "అన్న వచ్చిండు. నేను సూసిన. సూసి మొకం తిప్పుకున్న." అన్న నేలను చూస్తున్నాడు.

"నాకెరుకే తమ్మీ. గని రాలేదు, రాలేదని నువ్వు ఏడేండ్ల సంది అంటుంటే, పోయిన్నా పోలేదా అని నాకే అనుమానం పట్టింది." అన్నాడు.

నా జీవితంలో చాలామంది నన్ను చాలా మాటలన్నారు. ఇంత మెల్లగా అన్న మాట ఇంత లోతుగా దిగలేదు. నా అనుమానం నాతో ఆగలేదు, అన్న తలలోకి పోయి అక్కడ కూడా కూర్చుంది. బొమ్మను మళ్లీ నడిపి ఫోను అతని చేతికిచ్చాను. అన్నకు కళ్లు కూడా సరిగా ఆనవు, చెవులు కూడా సరిగా వినవు. బొమ్మ చూడాల్సింది పోయి, ఎవరో ఫోను చేసినట్టు చెవికి ఆనించుకున్నాడు. ఒక పెద్దమనిషి నవ్వబోయి ఆగిపోయాడు. ఎందుకంటే అన్న మొహం మారింది.

"అమ్మ పిలుస్తాంది." అన్నాడు.

సౌండు మొత్తం పెంచి అందరం విన్నాం. డప్పుల కింద, దూరం నుంచి, పోయిన మా అమ్మ గొంతు. పెద్దోడా, గాడనే నిలవడ్డవేంది, లోపటికి రా అని. ఒకసారి కాదు, రెండుసార్లు పిలిచింది. ఆనాడు డప్పుల హోరులో అతనికి వినబడలేదు. ఒక్కరూ పిలవలేదనేది అతని ఏడేళ్ల ఫిర్యాదు. దుకాణంలో నా మొహాన్ని నేను చూసుకోవడంలో పడి ఆ గొంతు నాకూ వినబడలేదు. అన్న ఆ ముక్కను మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. తీర్పు చెప్పడానికి వచ్చినవాళ్లు తీర్పు చెప్పకుండానే చాయ తాగి లేచారు. పెండ్లినాడు ఎదుర్కోళ్లకు మేమిద్దరం పక్కపక్కన నడిచాం. మాట్లాడుకున్నది తక్కువే. నడిచాం.

తర్వాత హాలియా పోయి ఆపాకు ఈ సంగతి చెప్పాను. అమ్మ గొంతు తనకూ వినిపించమంది. రెండుసార్లు వేయించుకుని విన్నది. కోసేటప్పుడు తాము సౌండు మొత్తం బంద్ పెట్టే కోసేవాళ్లమనీ, మీద పాట వేస్తాం కాబట్టి కింద ఎవరేమన్నారో వినాలని ఎన్నడూ తోచలేదనీ చెప్పింది. ఎన్ని ఇండ్ల పిలుపులు చెరిపేసిన్నో అని తనలో తాను అనుకుంది. అప్పటి నుంచి ఎవరు డిస్కులు తెచ్చినా, కోయనిది ఏమైనా ఉందా అని ముందు అదే అడిగేది. ఉంటే చివరిదాకా ఎక్కిందని పక్కన కూర్చోబెట్టి చూపించేది. నేను బజారుకు పోయినప్పుడల్లా ఆ స్టూలు మీద ఒక గంట కూర్చునేవాణ్ణి. నిరుడు గుండెనొప్పితో పోయింది. ఆ జాగాలో ఇప్పుడు చెప్పుల దుకాణం పెట్టారు.

నా అనుమానం తగ్గిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు, ఎక్కువైంది. ఇప్పుడు రోజుకు యాభై వీడియోలు ఫోనుకు వస్తాయి. ఇతను ఇట్లా అన్నాడు, ఆమె అట్లా కొట్టింది, వాళ్లు ఇది కూల్చారు అని. మావాళ్లు చూసి ఊగిపోతారు. దీనికి ముందు ఏముంది, తర్వాత ఏముంది, కోసింది ఎవరు అని నేను అడుగుతాను. చాదస్తం అంటారు. అననీ. తేడా ఒక్కటే వచ్చింది. ఇదివరకు నా అనుమానం ఊరంతా తిరిగి వచ్చేది, నన్ను మాత్రం తాకేది కాదు. ఇప్పుడు ఎవరి మీదనైనా నోరు లేపబోతే ముందు నా దగ్గరే ఆగుతుంది.

మొన్నీమధ్య ఫోను మార్చాను. పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి వేస్తూ దుకాణదారు ఒక ఫైలు దగ్గర ఆగాడు. చాలా జాగా తింటోంది, మొదలు పెడితే అన్నీ చెప్పులే కనబడుతున్నాయి, తీసేయనా అని అడిగాడు. వద్దన్నాను. అంత ముఖ్యమైనది ఏముంది అందులో అన్నాడు.

"అండ్ల నేనున్న. ఉండనియ్యి." అన్నాను.